మడుగు తేదీ

తోమినా
జనవరి, మూడో శుక్రవారం

తమ్ముడు బొకారికి,

ఇక్కడ శాంతి. పిల్లలకు శాంతి, పడవలకు శాంతి. నా కుడి మోకాలు ఒక్కటి తప్ప అంతటా శాంతే. నీకూ నీ భార్యకూ ఆమె తల్లికీ మీ వీధి వాళ్ళకూ శాంతి ఉందని తలుస్తాను.

అడవి వాళ్ళు మా ఫోను స్తంభం కాల్చేసి నాలుగు నెలలైంది. కొత్తది వేస్తారని ఎవరూ అనుకోవడం లేదు. మొదట్లో మనుషులు చెదపుట్టల మీదికెక్కి ఫోను పైకెత్తి నిలబడేవాళ్ళు. ఇప్పుడు అదీ మానేశారు. నేను ఆరో తరగతి దాకా చదివింది ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

ఈ ఉత్తరం ఉల్లిపాయల అంబకానె చేతికిస్తున్నాను. అతను కొండ జాతి దోగోన్, మనం చేపల జాతి బోజో, పరిహాసాల వరసవాళ్ళం. కాబట్టి తిట్టుకోకుండా ఏ పనీ జరగదని నీకు తెలుసు. "మీ చేపల కంపు కాగితం నా ఉల్లి బస్తాలో పెడితే బమాకోలో నా సరుకు ఎవడు ముట్టుకుంటాడు?" అన్నాడు. నీళ్ళు చూస్తే మేకలా అరిచే జాతివాడు నువ్వు, నీ చేతిలో ఉత్తరం తడవదని ధైర్యం అన్నాను. సంతోషంగా తీసుకున్నాడు.

మీ బావ పోయాక నీటి పెద్దరికం ఆయన తమ్ముడికి వెళ్ళాలి. అతను సెగూలో రేడియోలు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. రానని కబురు చేశాడు. కాబట్టి ఈ ఏడు కూడా గాట్లు పెట్టిన నీటి కర్ర నా దగ్గరే ఉంది. ఏడాదికొక్క రోజు జరిగే చేపల వేటకు కోలీ మడుగు ఎప్పుడు తెరవాలో నేనే చూడాలి. ఆడదాని చేతిలో కర్రేమిటని పెద్దలు గొణుగుతున్నారు. గొణుగుతూనే, నీళ్ళు ఎంత దిగాయని నన్నే అడుగుతున్నారు.

ఇంకో సంగతి. వడ్లు ఇంటికి వచ్చాయి. మూడేళ్ళలో ఇదే మొదటిసారి. ఎలా వచ్చాయని అడగకు.

మీ అక్క,
నియామొయ్


బమాకో
ఫిబ్రవరి 9

అక్కకు,

శాంతే. మా అత్తగారికి జలుబు, అదీ శాంతిలోకే వస్తుంది. నీ ఉత్తరం ఉల్లి వాసనతో చేరింది. అంబకానె మా ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడి, నీళ్ళ పాములు కుర్చీల మీద కూర్చునే రోజులొచ్చాయని అందరూ వినేలా అన్నాడు. మా కాపలావాడు కొట్టబోయాడు. అతను దోగోన్, నేను బోజో అని చెప్పాక నవ్వి లోపలికి పంపాడు.

మోకాలికి మందు పంపుతున్నాను. పొద్దునే రాయాలి, రాశాక ఎండలో కూర్చోవాలి.

నాకు పని ఎక్కువగా ఉంది. జూన్‌లో ఉత్తరాది పొరుగువాళ్ళ రాజధానిలో పెద్ద సమావేశం. మీరు అడవి వాళ్ళు అనే వాళ్ళ గురించే. మా కాగితాల్లో వాళ్ళ పేరు సాయుధ ఇస్లామిస్టు గుంపులు. మన ప్రతినిధులు అక్కడ ఏం మాట్లాడాలో, ఎవరికి ఎంతవరకు తల ఊపాలో రాసిపెట్టే నలుగురిలో నేనొకణ్ణి. మడుగుల వైపు పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నది జిల్లాల పేజీలన్నీ నా దగ్గరికే వస్తాయి.

అడగకు అన్నావు. అడగకపోతే నిద్రపట్టదు. ఆ పొలాల్లోకి మూడేళ్ళు ఎవరినీ దిగనివ్వని వాళ్ళు ఈ ఏడు ఎలా దిగనిచ్చారు? సైన్యం వచ్చిందా? వచ్చి ఉంటే నాకు తెలిసేది.

తమ్ముడు,
బొకారి


తోమినా
మార్చి, మొదటి సంత రోజు

తమ్ముడికి,

శాంతి. మందు పనిచేసింది. ఎండలో కూర్చోవడానికి తీరిక లేదు.

నిద్రపట్టడం లేదన్నావు కాబట్టి చెబుతాను. మేము వాళ్ళతో మాట్లాడాం.

మాట్లాడింది హమ్మదున్‌తో. చిన్నప్పుడు వాళ్ళ నాన్న మన రేవులో ఆవుల్ని దాటించేటప్పుడు తోక పట్టుకుని ఏడ్చేవాడే, వాడు. ఇప్పుడు గడ్డం ఉంది, తుపాకీ ఉంది, వెనక నలభై మంది ఉన్నారు. మసీదు గోడ నీడలో కూర్చున్నారు. మన పెద్దలు అవతల కూర్చున్నారు. నేను ఆడవాళ్ళకు అడ్డం కట్టిన చాప వెనక. మన పెద్దలు గంటసేపు గొంతు సవరించుకున్నారు. ఆఖరికి చాప వెనకనుంచి నేనే అడిగాను.

"పొలంలో వడ్లు రాలిపోతున్నాయి. మీరు కోసుకుంటారా, మమ్మల్ని కోసుకోనిస్తారా?"

మాట్లాడుతున్నది ఎవరని అతను అడిగాడు. గొంతు సవరించుకోవడం రాని మనిషినని చెప్పాను. అతని వాళ్ళలో ఒకడు నవ్వి మళ్ళీ నోరు మూసుకున్నాడు.

ఒప్పుకున్నవి ఇవి. మేము సైనికుల్ని పిలవం. ఆడవాళ్ళు నల్ల ముసుగు లేకుండా ఊరు దాటరు. డప్పు మోగదు. మడుగు తెరిచిన రోజు మగవాళ్ళు ఉండగా ఆడవాళ్ళు నీళ్ళలో దిగరు. మగవాళ్ళు వెళ్ళిపోయాక మిగిలిన బురదలో ఊత బుట్టలతో చేపలు పట్టుకుంటారు. దీనికి బదులు మా వడ్లు మావి, మా చేపలు మావి, పొలానికెళ్ళిన మనిషి ఇంటికొస్తాడు.

కాగితం లేదు. మాట మాత్రమే. డప్పు కొలాడో ఆ రోజునుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. డప్పును ఊక కుప్పలో పాతిపెట్టాడు.

నాకిది నచ్చిందని అనుకోకు. యాకారె కొడుకు రెండేళ్ళ కిందట కోతకెళ్ళి తలుపు చెక్క మీద తిరిగొచ్చాడు. ఈ ఏడు ఆమె రెండో కొడుకు కొడవలి పట్టుకుని వెళ్ళి, కొడవలి పట్టుకునే వచ్చాడు. అదీ సంగతి.

నియామొయ్


బమాకో
మార్చి 28

గౌరవనీయురాలైన అక్కకు,

మీరంతా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం చదివి కాల్చేశాను. ఇలాంటివి మళ్ళీ రాయవద్దు. రాయకుండా ఉండలేకపోతే పేర్లు రాయవద్దు.

నీకు పరిస్థితి తెలియదు. పాత దొరల సైన్యం వెళ్ళిపోయాక వాళ్ళ కుర్చీ కోసం ముగ్గురు పోటీపడుతున్నారు. ఉత్తరాది పొరుగువాళ్ళు ఈ ప్రాంతానికంతా పెద్దన్న కావాలనుకుంటున్నారు. అడవి వాళ్ళతో మాట్లాడాలి, కానీ తమ హాలులోనే మాట్లాడాలి అంటారు. సముద్రం అవతల ఇంకొక దేశం ఉంది, పైలట్లు లేని విమానాలు అమ్ముతుంది. మాటలు మొదలైతే వాళ్ళ సరుకు అమ్ముడుపోదు, కాబట్టి మాటలు వద్దంటారు. ఎడారి అవతలివాళ్ళు మసీదులు కట్టిస్తూ ఇద్దరికీ తల ఊపుతారు. వీళ్ళలో ఎవరికీ తోమినా ఎక్కడుందో తెలియదు. కానీ ఒక్క విషయంలో ముగ్గురూ ఒకటే. ఊళ్ళు తమంతట తాము ఒప్పందాలు చేసుకోకూడదు. అలా చేసుకున్న ఊరికి కాగితాల్లో ఒక పేరుంది: లొంగిన ఊరు. లొంగిన ఊరికి సాయం ధాన్యం వెళ్ళదు, వైద్యుల పడవ వెళ్ళదు. ఆ జాబితా నా బల్ల మీదుగానే పోతుంది.

కాబట్టి పెద్దలకు చెప్పు. ఆ మాట వెనక్కి తీసుకున్నామని అనిపించు. వడ్లు ఎలాగూ ఇంటికొచ్చాయి. తోమినా పేరు నేను జాబితాలో చేర్చకుండా జూన్ దాకా ఆపగలను. ఆ తరవాత ఆపలేను.

బొకారి


తోమినా
ఏప్రిల్, రెండో వారం

బొకారికి,

గౌరవనీయురాలైన అక్క అని రాశావు. ఎవరికో రాసిన ఉత్తరం నాకు వచ్చిందనుకుని రెండుసార్లు చూశాను.

రాసుకో. లొంగిన ఊరు అని రాసి కింద నా పేరు పెట్టు. పేరు తప్పు రాయకు.

మూడేళ్ళు మేము లొంగలేదు. ఆ మూడేళ్ళలో మీ ఆఫీసులవాళ్ళు ఒక్కసారి వచ్చారు. టీ తాగారు. మసీదు ముందు నిలబడి ఫోటో దిగారు. గట్టిగా నిలబడండి అన్నారు. మధ్యాహ్నం కాకముందే పడవెక్కారు. మేము గట్టిగానే నిలబడ్డాం. నిలబడి తామర గడ్డలు తిన్నాం. వైద్యుల పడవ రాదని భయపెడుతున్నావు. అది ఆగి మూడేళ్ళయింది. నీ బల్ల మీదికి ఆ సంగతి రాలేదా?

వడ్లు ఇంటికొచ్చాయి కాబట్టి మాట తప్పమంటావు. వడ్లు మే నెల ఎండకే అయిపోతాయి. అక్కడినుంచి కొత్త పంట దాకా ఈ ఊరు తినేది కోలీ మడుగు చేపలే. ఎండబెట్టుకుని, పొగబెట్టుకుని తింటాం, వాటినిచ్చి సజ్జలు తెచ్చుకుంటాం. నీకు చదువు కూడా ఆ చేపలే చెప్పించాయి. మరిచిపోయి ఉంటావు.

ఈ ఉత్తరం పేర్లతోనే రాశాను. కాల్చుకో.

కింది మాట తరవాత రాస్తున్నాను. ఉత్తరం మూసే లోపల కబురొచ్చింది. సెన్నో మడుగు తెరిచారట, మనకు రెండు రోజుల నడక దూరం. పొద్దున చేపలు పడుతుండగా ఆకాశంలోంచి కొట్టారట. పదకొండు మంది పోయారట. మన బంధువులెవరూ లేరు. సెన్నో వాళ్ళు కూడా పోయినేడు మాలాగే మాట ఇచ్చుకున్నారు. ఎవరి విమానమో ఇక్కడ ఎవరికీ తెలియదు. నీకు తెలుసా?

నియామొయ్


బమాకో
ఏప్రిల్ 30

అక్కా,

ఈ ఉత్తరం అంబకానె కూర్చుని ఉండగానే రాస్తున్నాను. అతను కూడా ఈసారి నన్ను తిట్టలేదు.

విమానం ఎవరిదో నాకు తెలియదు. అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెబుతున్నారు. కానీ సెన్నో ఫైలు నా చేతికొచ్చింది. నది జిల్లా కాబట్టి. అందులో అక్కడ ఎందుకు కొట్టారో ఒక పేజీ ఉంది. ఆ పేజీ చదివి నేను బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ పేజీ నేను రాసిందే.

నాలుగేళ్ళ కిందట, ఈ ఆఫీసులో కొత్తగా చేరినప్పుడు, విదేశీ మిత్రుల కోసం ఒక కాగితం అడిగారు. పైనుంచి చూస్తే మామూలు జనాన్నీ అడవి వాళ్ళనూ ఎలా గుర్తుపట్టాలి? నది తెలిసినవాణ్ణి కదా, నన్ను రాయమన్నారు. నేను కళ్ళు మూసుకుని కోలీ మడుగును తలుచుకున్నాను. డప్పు చుట్టూ పిల్లలు, నీళ్ళలో ఆడవాళ్ళ ఎర్ర గుడ్డలు, వాళ్ళ తిట్లు. అది తలుచుకునే రాశాను. నది ఊళ్ళలో ఏ మంచి కలయికకైనా ఆడవాళ్ళు ఉంటారు, డప్పు ఉంటుంది. మగవాళ్ళు మాత్రమే చేరి, ఆడవాళ్ళు ఒక్కరూ కనబడక, డప్పు లేక, మోటారు సైకిళ్ళు గుంపుగా ఉంటే అది వాళ్ళ కలయిక.

అప్పుడది నిజం. నిజం కాబట్టే అందరూ నమ్మారు. నన్ను మెచ్చుకుని చక్రాలున్న కుర్చీ ఇచ్చారు. ఇప్పుడు ఊళ్ళు ఇచ్చుకున్న మాటల్లో మొదట పోయేవి డప్పూ ఆడవాళ్ళే. సెన్నో వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. నిలబెట్టుకున్నందుకే పైనుంచి చూసిన కంటికి వాళ్ళు అడవి వాళ్ళలా కనబడ్డారు.

ఈ మాట నీకు మార్చిలోనే తట్టి ఉండాలని రాస్తావు. నాకు తట్టలేదు.

అక్కా, కోలీ మడుగు తేదీ చెప్పు. ఎవరికీ చెప్పకూడదని నాకూ తెలుసు. కానీ ఆ ఒక్క రోజు, ఆ ఒక్క చోటికి విమానం రాకుండా చూడమని నేను పైవాళ్ళను అడగగలను. తేదీ లేకుండా ఏమీ అడగలేను. అంబకానె చేతికి ఒక్క అంకె రాసి పంపు.

నీ తమ్ముడు


తోమినా
మే, రెండో శుక్రవారం

బొకారికి,

చెప్పను.

మీ బావ నాకే చెప్పేవాడు కాదు. పక్కన పడుకునేదాన్ని. ముందు రోజు పొద్దున ఊరందరితో పాటు నాకూ తెలిసేది. తేదీ ముందే బయటపడితే ఎవడో ఒకడు ముందు రోజే వచ్చి వల వేస్తాడు. ఆ తరవాత పది ఊళ్ళవాళ్ళు ఈటెలు చేపల మీద ఎత్తరు, ఒకరి మీద ఒకరు ఎత్తుకుంటారు. అది పాత కారణం.

కొత్త కారణం ఇంకోటి ఉంది. మీ ఆఫీసులో తెలిసిన మాట పది రోజుల్లో హమ్మదున్‌కు తెలుస్తుంది. ఎలాగని అడగకు. మీకు అలా తెలిసినవి మాకు ఇలా తెలుస్తాయి. అప్పుడు నేను గూఢచారిని. గూఢచారులకు ఇక్కడ ఏం చేస్తారో నీ ఫైళ్ళలో ఉండే ఉంటుంది.

ఇంకా ఒకటి ఉంది. దానికి కారణమని పేరు పెట్టలేను. మా మడుగులో మేము చేపలు పట్టుకోవడానికి వీళ్ళను అడిగాం. ఇప్పుడు ఆకాశాన్ని కూడా సెలవడగాలా? ఒకరికి తల వంచినందుకు ఇంకొకరు కొడతారట. రెండో వాళ్ళకు కూడా తల వంచితే మూడో వాళ్ళెవరో వస్తారు. మెడ ఒకటే కదా.

నీ మీద కోపం ఉంది. ఆ సంగతి వేరే కూర్చుని రాస్తాను. నువ్వు రాసిన కాగితం నువ్వు సరిచెయ్యి. నా పని నేను చూసుకుంటాను. దానికి నాకొకటి కావాలి. ఆ పేజీలో ఏముందో ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. ఎన్ని బండ్లు, ఎంతమంది, ఏ రంగు, ఏ వేళ. నీ భాషలో వద్దు, మన భాషలో రాయి. నీళ్ళు కర్ర మీద నాలుగో గాటుకు వచ్చాయి. త్వరగా పంపు.

నియామొయ్


బమాకో
మే 21

అక్కా,

అడిగింది పంపుతున్నాను. ఇది పంపడం నేరం. వేరే కాగితం మీద, వేరే చేతి రాతతో రాయించాలనుకున్నాను. తరవాత నా చేత్తోనే రాశాను.

పది మోటారు సైకిళ్ళకు మించి ఒకచోట ఉండటం. యాభై మందికి మించి మగవాళ్ళు. ముదురు రంగు బట్టలు. ఆడవాళ్ళు, చిన్నపిల్లలు కనబడకపోవడం. తెల్లవారిన గంటలోపు చేరడం. చేతుల్లో పొడుగాటి వస్తువులు. డప్పు చప్పుడు అక్కడికి వినబడదు కానీ, దాని చుట్టూ చేరే గుండ్రటి గుంపు కనబడుతుందని నేనే రాశాను.

ఇక నేను చేసింది. ఆ పేజీ తప్పు, వెనక్కి తీసుకోవాలి, నది ఊళ్ళు ఇచ్చుకున్న మాటల వల్ల ఆ గుర్తులిప్పుడు పనికిరావు అని మూడు పేజీలు రాసి డైరెక్టరుకిచ్చాను. ఆయన చదివాడు. చెడ్డవాడు కాదు.

"మీ అక్కగారి ఊరా?" అని అడిగాడు.

"అవునండి."

"అయితే దీన్ని సొంత పని అంటారు."

"సెన్నో ఎవరి అక్కగారి ఊరండి?"

సమావేశం అయ్యాక చూద్దామన్నాడు. సమావేశం జూన్ ఇరవైన. నీ నీళ్ళు అప్పటిదాకా ఆగవని నాకు తెలుసు.

మరునాడు రెండు దేశాల ప్రతినిధులు మాటల ముందు మాటలకు వచ్చారు. టీ ఇచ్చేటప్పుడు నేను లేచి నా మూడు పేజీలు ఇద్దరికీ చెరో ప్రతి ఇచ్చాను. సంతకంతో. డైరెక్టరు చూస్తుండగానే ఇచ్చాను. ఉత్తరాది ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. విమానాల దేశం ఆయన థాంక్స్ చెప్పి దాని మీద కప్పు పెట్టుకున్నాడు.

సాయంత్రానికి నా తాళాలు తీసుకున్నారు. ఎలుకలు కొట్టిన పాత ఫైళ్ళ గదిలో కూర్చోమన్నారు. అక్కడ ఫ్యాను లేదు, కుర్చీకి చక్రాలు లేవు. ఆ కాగితాల వల్ల ఏమైనా జరిగిందో లేదో ఇక నాకు తెలిసే దారి లేదు.

ఈ ఏడు మడుగు తెరవకు అక్కా. నీళ్ళు మళ్ళీ వస్తాయి, చేపలు మళ్ళీ వస్తాయి. సజ్జలు నేను ఎలాగో పంపుతాను. నీకు కోపం ఉందన్నావు, దాన్ని గురించి ఇంకా రాయలేదు. రాయి. తిట్టినా సరే.

బొకారి


తోమినా
జూన్, వానకు ముందు

బొకారికి,

శాంతి. ముందు ఆ మాట చెప్పాలి కాబట్టి చెప్పాను. అందరం ఉన్నాం.

నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజు మడుగు తెరిచాను. ముందు రోజు పొద్దున చాటింపుకు మగవాణ్ణి పంపాలి. నేను ఆడదాన్ని, మన ఊరి పిందాను పంపాను, తల మీద ఊత పెట్టి. చూసినవాళ్ళకు అక్కడే సంగతి అర్థమైంది.

ఆడవాళ్ళను మా ఇంటి వెనక కూర్చోబెట్టి నీ పేజీ చదివాను. అంతా విన్నారు. రేపు మనమే ముందు దిగుతున్నాం అన్నాను. ముసుగు కావాలన్నవాళ్ళు వేసుకోండి, కానీ నల్లది వద్దు, ఎరుపు, పసుపు, ఏదుంటే అది. మొగుడి కోసం అలంకరించుకోవడమే మానేశాను, ఇప్పుడు ఆకాశం కోసం అలంకరించుకోవాలా అంది పిందా. నవ్వారు. యాకారె నవ్వలేదు. మాట తప్పితే తన రెండో కొడుకు కోతకు ఎలా వెళ్తాడని అడిగింది. అది నాకూ తెలియదనే చెప్పాను. ఆమె తన పెళ్ళినాటి ఎర్ర గుడ్డ తెస్తానని లేచి వెళ్ళింది.

మగవాళ్ళతో ఎక్కువ గొడవైంది. ఈటెలు ముందు దిగాలి, ఆడవాళ్ళు దిగితే బురద లేస్తుంది, తాతల నాటి పద్ధతి అన్నారు. తాతల మీద విమానాలు తిరగలేదన్నాను. బండ్లు ఊళ్ళోనే వదిలి నడిచి రమ్మన్నాను. ఎండెక్కాక తెరుస్తానన్నాను. కొలాడో లేచి వెళ్ళి ఊక తవ్వి డప్పు బయటికి తీశాడు.

ఎండ బాగా ఎక్కాక దిగాం. నూట అరవై మంది ఆడవాళ్ళం, పిల్లలు, మా వెనక మగవాళ్ళు. నాలుగు వందలకు తక్కువ ఉండరు. గట్టు మీద డప్పు. నా మోకాలు నీళ్ళలో నొప్పి పెట్టలేదు.

హమ్మదున్ ఆరు బండ్ల మీద వచ్చాడు. గట్టు మీద నిలబడి నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"మాట తప్పావు."

"తప్పాను."

"ఎందుకు?"

"సెన్నో వాళ్ళు తప్పలేదు. వెళ్ళి వాళ్ళనడుగు."

అతను ఆడవాళ్ళను పైకి రమ్మను అన్నాడు. తొడల లోతు బురద, నువ్వే దిగి ఒక్కొక్కరినీ లాక్కో అన్నాను. అతని వాళ్ళు తుపాకులు తిప్పి పట్టుకున్నారు. కొలాడో వాయిస్తూనే ఉన్నాడు.

అప్పుడు వినబడింది. మూత పెట్టిన డబ్బాలో తుమ్మెద తిరిగినట్టు ఉంటుంది ఆ చప్పుడు. అందరూ తల ఎత్తారు. కనబడదు. వినబడుతుంది.

గట్టు మీద ఆరు బండ్లు, ఆరుగురు మగవాళ్ళు, చేతుల్లో పొడుగాటివి. వాళ్ళకు పది అడుగుల్లో మా పిల్లలు. నీ పేజీ నాకు కంఠతా వచ్చు. వాళ్ళు పరిగెడితే అది వెంటపడుతుంది. నిలబడితే అక్కడే పడుతుంది.

"దిగు," అన్నాను.

అతను నా వైపు చూశాడు.

"అవి అక్కడ పారేసి నీళ్ళలో దిగు. నీ కోసం కాదు."

దిగారు. ఆరుగురూ దిగారు. పిందా తన ఊత తీసి హమ్మదున్ చేతిలో పెట్టింది. చిన్నప్పుడు ఆవు తోక పట్టుకున్నట్టే రెండు చేతులా పట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన. ఎవరూ నీళ్ళు దాటి వెళ్ళవద్దని చెప్పాను. చేపలు పట్టండి అన్నాను. చేతులు ఊరుకుంటే కాళ్ళు పరిగెడతాయి. పట్టారు. అన్నం వార్చేంతసేపు అది మా మీద తిరిగింది. హమ్మదున్ ఊతలో ఒక వాలుగ పడింది. అతను చూడలేదు. పిందా చేయి పెట్టి తీసుకుంది.

తరవాత చప్పుడు తగ్గింది. ఇంకా తగ్గింది. పోయింది.

నీ కాగితాల వల్ల పోయిందో, మా ఎర్ర గుడ్డల వల్ల పోయిందో, చమురు అయిపోయి పోయిందో నాకు తెలియదు. తెలిసినట్టు నువ్వూ ఎక్కడా రాయకు.

హమ్మదున్ పైకెక్కి బట్టలు పిండుకున్నాడు. ఒప్పందం అయిపోయిందన్నాడు. సరే అన్నాను. వడ్ల కాలానికి మళ్ళీ కూర్చోవాలి, ఈసారి చాప లేకుండా కూర్చుంటానన్నాను. అతను కత్తి తీసి డప్పు తోలు చీల్చి వెళ్ళాడు. అంతకు మించి ఆ రోజు ఏమీ చెయ్యలేదు. రేపు చేస్తాడేమో. యాకారె కొడుకు సంగతి ఇంకా అలాగే ఉంది, అది నా మెడ మీదే ఉంది. కొలాడో మాత్రం మళ్ళీ మాట్లాడుతున్నాడు. కొత్త తోలు నానబెట్టాడు.

అడవి వాళ్ళు ఆరుగురు ఆ రోజు మా మధ్య నిలబడ్డారని హమ్మదున్ పేరుతో సహా రాశాను. మీ ఆఫీసులో ఎవరు చదివినా చదవనీ. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ దిగమంటాను. నాలుగు వందల మంది పక్కన ఆరుగురిని ఎంచుకుని కొట్టడం ఎలాగో పైనున్న వాళ్ళకు వచ్చని నేను నమ్మను.

నీ మీద కోపం గురించి రాయమన్నావు. రాద్దామని కూర్చున్నాను. నువ్వు కళ్ళు మూసుకుని మన మడుగును తలుచుకుని రాశావు. నాలుగేళ్ళు అదే తలుచుకున్నావు, ఒక్కసారి వచ్చి చూడలేదు. కోపం అంతే. ఇంకేం లేదు.

కుర్చీ పోయిందన్నావు. చక్రాలున్న కుర్చీ ఎలాగూ ఒకచోట నిలవదు. అంబకానె చేతికి పొగచేప పంపుతున్నాను. ఉల్లి వాసన వస్తే కడుక్కో. వాడు మాత్రం తన ఉల్లికే చేప వాసన పట్టిందని ఏడుస్తున్నాడు.

వచ్చే ఏడు తేదీ కూడా నీకు చెప్పను. కావాలంటే వచ్చి ఇక్కడ ఉండు. అందరితో పాటు ముందు రోజు పొద్దున నీకూ తెలుస్తుంది.

అక్క